అట్ట స్టేషన్‌కి ఇటుక గోడ కావాలి

నా బొమ్మ రైళ్ల కోసం (మోడల్ రైల్వే అంటారు) హెచ్‌ఓ స్కేల్‌లో, అంటే అసలులో 87వ వంతులో, ఒక చిన్న స్టేషన్ కడుతున్నాను. గోడలకి పుస్తకాల బైండింగ్ అట్ట, కిటికీ చట్రాలకి పాత శుభలేఖలు. అట్ట కోత ఒక్క ఆదివారంలో అయిపోయింది. ఆ గోడల మీద అంటించడానికి తగిన ఇటుక కాగితం, అంటే ఇటుక గోడ బొమ్మ ప్రింట్ చేసిన కాగితం, తయారయ్యేసరికి మాత్రం నెలన్నర పట్టింది.

నెట్‌లో బ్రిక్ టెక్స్చర్ (ఇటుక గోడ పైభాగం బొమ్మ) అని వెతికితే కుప్పలు తెప్పలుగా వస్తాయి. పోలీ హేవెన్, ఆంబియంట్‌సీజీ లాంటి చోట్ల ఉచితంగానే ఇస్తారు, హక్కుల గొడవ కూడా లేదు, కానీ అవి త్రీడీ బొమ్మల పని చేసేవాళ్ల కోసం చేసినవి కాబట్టి కాగితం మీద ఇటుక ఎంత సైజులో పడాలో మనమే లెక్క కట్టుకోవాలి. మోడల్ రైల్వే కోసమే చేసినవి కావాలంటే బ్రిటన్ వాళ్ల స్కేల్‌సీన్స్ చాలా బాగుంటుంది. ఒకసారి డబ్బు కట్టి పీడీఎఫ్ దించుకుంటే ఎన్నిసార్లయినా ప్రింట్ తీసుకోవచ్చు. డబుల్ ఓ స్కేల్‌కి, అంటే 76వ వంతుకి చేసిన షీట్‌ని 87.5 శాతానికి తగ్గిస్తే హెచ్‌ఓకి సరిపోతుంది.

అయితే అవి ఇంగ్లండ్ గోడలు. నాకు కావలసింది మన వైపు గోడ, సున్నం వెలిసిపోయి, కింద రెండడుగుల మేర చెమ్మ పాకి, అక్కడక్కడ పెచ్చులూడి లోపలి ఎర్ర ఇటుక కనబడే గోడ. అది ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకలేదు, అమ్మమ్మగారి ఊళ్లో పాత గిడ్డంగి వెనక దొరికింది. ఒక వరసలో ఇటుకల పొడుగు వైపు, దాని మీది వరసలో తలలు (పొట్టి వైపు), మళ్లీ పొడుగు వైపు. పాత కట్టడాలకి ఇదే అందం. నెట్‌లో దొరికే చాలా షీట్లలో అన్ని వరసలూ పొడుగు వైపే ఉంటాయి, అవి పాత స్టేషన్‌కి అసలు నప్పవు.

మబ్బు పట్టిన రోజు చూసుకుని ఫోటో తీశాను. ఎండలో తీస్తే ప్రతి సందులో నీడ పడుతుంది, ఆ నీడ ప్రింట్‌లోనూ వచ్చేస్తుంది. దూరంగా, గోడకి ఎదురుగా నిలబడి జూమ్ చేయాలి. పది వరసలు టేపుతో కొలిస్తే 30 అంగుళాలు వచ్చింది, అంటే 762 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 8.76. పది వరసలూ కలిపి తొమ్మిది మిల్లీమీటర్లు కూడా లేవు! 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల ప్రింట్‌లో, ఒక్కో వరసకి పది పిక్సెళ్లే వస్తాయి, కాబట్టి ఫోన్ ఫోటో ధారాళంగా చాలు. గింప్ అనే ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో వంకర సరిచేసి, సైజు తగ్గించి, పక్కపక్కన పేర్చాను. ఒక ఇటుక మీద తారు మరక ఉంది, పేర్చాక అదే మరక గోడ పొడుగునా బారులు తీరింది. అలాంటివి ముందే క్లోన్ టూల్‌తో (పక్క భాగాన్ని కాపీ చేసి మరక మీద కప్పే పనిముట్టు) చెరిపేయాలి.

ప్రింటింగ్ దగ్గర ఇంకో దెబ్బ తగిలింది. షాపులో ముందు గోడ షీట్ సరైన సైజులోనే తీసి, పక్క గోడది ఫిట్ టు పేజ్ (కాగితానికి సరిపడేలా సైజు మార్చేసే సెట్టింగ్) పెట్టి తీశారు. మూల దగ్గర వరసలు కలవలేదు, అంటించాక చూసుకున్నాను, ప్రాణం ఉసూరుమంది. అప్పటినుంచి ప్రతి షీట్ అంచున 50 మిల్లీమీటర్ల గీత పెడుతున్నాను, కాగితం చేతికి రాగానే స్కేలు పెట్టి కొలిచాకే కత్తెర పడుతుంది. మూలల దగ్గర రెండు ముక్కలు అతికించే బదులు ఒకటే కాగితం మడిచి తిప్పితే మేలు. మడత మీద తెల్లగా బయటపడే గీతకి ఇటుక రంగు పెన్సిల్ రుద్దండి. ఇంక్‌జెట్ ప్రింట్ అయితే తడి జిగురుకి రంగు కారుతుంది, గ్లూ స్టిక్ వాడండి.

ఇక మిగిలింది కప్పు. బెంగుళూరు పెంకు, పైన నల్లగా పాచి పట్టినది కావాలి. అదే ఊళ్లో ఒక పెంకుటిల్లు చూసి పెట్టుకున్నాను, వాళ్లని అడిగితే ఎదురు డాబా ఎక్కి తీసుకోమన్నారు. మళ్లీ మబ్బు పట్టాలి, అంతే.