గరీబాల్డి ప్లాజాలో ఓసిగా విన్న పాటలు

నిన్న రాత్రి మెక్సికో సిటీలో గరీబాల్డి ప్లాజాకి వెళ్ళాను. వెండి గుండీల సూట్లు, పెద్ద టోపీలు పెట్టుకుని మరియాచి అనే మెక్సికో సంప్రదాయ సంగీతం వాయించే బృందాలు అక్కడ బేరం కోసం నిలబడి ఉంటాయి. పాటకింత అని మాట్లాడుకుని పాడించుకోవాలి, మనం పెళ్ళికి బ్యాండుమేళం మాట్లాడుకున్నట్టే. నాకు స్పానిష్ రాదు, బేరమాడటం అసలే రాదు. పక్క బెంచీ వాళ్ళు డబ్బిచ్చి పాడించుకున్నవే వింటూ కూర్చున్నా.

ట్రంపెట్లు చెవులు అదరగొట్టాయి గానీ నా చూపు గిటారోన్ మీదే. పొట్ట ఉబ్బిన పెద్ద గిటార్, ఆరు తీగలు. ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో, రెండు తీగలు కలిపి లాగుతారు. డ్రమ్ము లేదు. లయంతా అదీ, విహుయేలా అనే ఐదు తీగల చిన్న గిటారూ కలిసి మోస్తాయి. అసలు ట్రంపెట్ మరియాచిలో స్థిరపడింది 20వ శతాబ్దంలోనే. అంతకుముందు మెక్సికోలోని హలిస్కో రాష్ట్రం పల్లెల్లో ఎక్కువగా తీగవాద్యాలే. 2011లో యునెస్కో మరియాచిని సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది కూడా.

పాట మధ్యలో ఒక పెద్దాయన ఏడుపూ నవ్వూ కలిసిన కేక పెట్టాడు. దాన్ని గ్రితో అంటారు. వాయించేవాళ్ళు ఆగలేదు, ఇంకాస్త గట్టిగా అందుకున్నారు. పక్కనున్నావిడ, భార్యే కాబోలు, ఆయన చేతిలో రుమాలు పెట్టి మళ్ళీ పాటలో పడిపోయింది.