పజిల్ చెయ్యగలిగితేనే ఉద్యోగమా?

మధ్యాహ్నం నుంచి ఆఫీసులో పెద్దగా పని లేదు. బిల్డ్ (రాసిన కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే పని) నడుస్తున్నంతసేపూ ఖాళీగా ఉండలేక, ఎప్పటినుంచో అనుకుంటున్న లెక్క ఒకటి చేసి చూశాను, ఉద్యోగులకోసం గూగుల్ హోర్డింగ్ మీద పెట్టిన పజిల్ అది. 2004లో కాలిఫోర్నియాలో 101 హైవే పక్కన పెట్టారు దాన్ని. కంపెనీ పేరు లేదు, ఉద్యోగం ఊసే లేదు. 2.71828 అంటూ మొదలై అంతులేకుండా సాగే 'ఈ' అనే స్థిరాంకంలో, వరుస అంకెల్లో మొదట కనిపించే పది అంకెల ప్రధాన సంఖ్య ఏదో కనుక్కోవాలి, దాని చివర డాట్ కామ్ తగిలిస్తే ఒక సైట్ అడ్రస్ అవుతుంది. నిజానికి చిన్న ప్రోగ్రామే. అంకెలన్నీ ఒక స్ట్రింగ్‌లో, అంటే అక్షరాల వరుసలా పెట్టుకుని, ఒక్కో అంకె జరుగుతూ పదేసి తీసి, అది ప్రధాన సంఖ్యో కాదో చూసుకుంటూ పోవడమే. దశాంశ బిందువు దాటాక వంద అంకెలకి కాస్త అటూఇటూగా 7427466391 దొరుకుతుంది. జవాబు ముందే చదివి ఉన్నా, స్క్రీన్ మీద ఆ సంఖ్య వచ్చేసరికి భలే సంతోషమేసింది! అప్పట్లో ఆ సైట్‌కి వెళ్తే ఇంకో లెక్క ఉండేదట, అదీ తేల్చినవాళ్లకి రెజ్యుమె పంపమని గూగుల్ పేజీ కనిపించేది.

నాకు అందులో బాగా నచ్చింది, నువ్వు ఏ కాలేజీలో చదివావు, ఎన్ని మార్కులొచ్చాయి అని ఎవరూ అడక్కపోవడం. సరదా ఉన్నవాళ్లే ఆగి చూస్తారు, ఇంట్లో కూర్చుని తీరిగ్గా చేసుకుంటారు, రాకపోతే ఆ సంగతి ఇంకెవరికీ తెలియదు. 2011లో బ్రిటన్ గూఢచార సంస్థ జీసీహెచ్‌క్యూ కూడా తన పేరు చెప్పకుండా ఒక కోడ్‌ని నెట్‌లో వదిలి, విప్పండి చూద్దాం అంది.

అదే పజిల్‌ని మూసిన గదిలో మనిషి ఎదురుగా కూర్చుని అడిగితే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. మా టీమ్‌లో ఒకమ్మాయి నిన్న ఒక కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లొచ్చింది. స్కూల్ బస్సులో ఎన్ని గోల్ఫ్ బంతులు పడతాయని అడిగారట. ఇవాళ భోజనం దగ్గర కూడా ఆ లెక్కే వేసుకుంటోంది పాపం. లాగ్స్ (ప్రోగ్రామ్ తను చేసిన పనులు రాసుకునే చిట్టా) చదివి, ప్రోగ్రామ్ వాడేసిన మెమరీని వదలకుండా పేరుస్తూ పోయే మెమరీ లీక్ ఎక్కడుందో పట్టేసే మనిషి, ఆ టెన్షన్‌లో గుణకారం కూడా తోచలేదంది. ఆమె ఏం పని చెయ్యగలదో ఆ ప్రశ్నతో వాళ్లకి ఏం తెలిసిందో నాకు అర్థం కాదు. గూగుల్‌లో నియామకాలు చూసిన లాస్లో బాక్ 2013లోనే న్యూయార్క్ టైమ్స్‌తో చెప్పాడు, ఇలాంటి ప్రశ్నలు శుద్ధ దండగ, వాటివల్ల దేన్నీ అంచనా వెయ్యలేం, అడిగేవాళ్లకి మేం తెలివైనవాళ్లం అనిపించడానికే పనికొస్తాయని. పైగా మ్యాన్‌హోల్ మూత గుండ్రంగా ఎందుకుంటుంది లాంటివి ఇప్పుడు అందరూ బట్టీపట్టే వస్తారు, ఇక అందులో తెలివిని చూసేదేముంది?

వచ్చేవారం మా టీమ్‌కి ఇంటర్వ్యూలు చేసే వంతు నాది. మా కోడ్‌లోంచే ఒక చిన్న ముక్క తీసి, అందులో ఒక బగ్ (తప్పు) పెట్టి, పట్టుకోమని ఇస్తాను. గంట టైము, నెట్ చూసుకోవచ్చు, నన్ను ఏమైనా అడగొచ్చు, ఆ గంటలో కాసేపు నేను బయటికి వెళ్లిపోతాను కూడా, ఎవరో చూస్తున్నారన్న భయం లేకుండా పని చేసుకుంటారని.