నిమ్మచెక్క తీసేసిన గ్లాసు

హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో, బీరు అక్కడికక్కడే కాచి పోసే మైక్రోబ్రూవరీ అది. గ్లాసు అంచుకు నిమ్మచెక్క గుచ్చి మరీ తెచ్చారు. చూడగానే మనసు చివుక్కుమంది. నల్లబోర్డు మీద ‘గోధుమ బీరు: ధనియాలు, కమలా తొక్క, నిమ్మగడ్డి, 4.6 శాతం’ అని సుద్దముక్కతో రాసి ఉంది. ఆ మూడు వాసనల కోసం బెజవాడ నుంచి వచ్చిన మనిషి ముక్కుకు ముందుగా పచ్చి నిమ్మకాయ తగిలిస్తే ఇంకేం మిగులుతుంది? రసం రెండు చుక్కలు పడిందంటే లోపలి సువాసనలన్నీ అణిగిపోతాయి. తొక్కలోని నూనె నురగను విరిచేస్తుంది. గోధుమ బీరుకు నురగ సోకు కోసం కాదు, వాసన ముక్కు దాకా వచ్చేది దాని మీదుగానే.

చెక్క లేకుండా ఇంకో గ్లాసు ఇమ్మని అడిగాను. “అందరికీ గిట్లనే ఇస్తం సార్” అన్నాడు తెచ్చిన కుర్రాడు. నేను పట్టు వదల్లేదు. లోపల అడిగి చెప్తానని వెళ్లాడు.

దారి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఎల్.బి. నగర్లో బస్సు దిగడం, మెట్రో, అమీర్‌పేటలో లైను మారడం, పెద్దమ్మ గుడి స్టేషన్, అక్కణ్ణుంచి జూబ్లీహిల్స్ 36వ నంబరు రోడ్డు మీద నడక. 2025 మేలో చార్జీలు పెంచాక మెట్రో కూడా చవకేం కాదు. అయినా శనివారం నాడు ఆ రోడ్డు మీదికి కారు తీసుకురావడం కంటే వెయ్యి రెట్లు నయం, తిరిగి వెళ్లేటప్పుడు బండి నడిపే పనీ ఉండదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. తేలిక బీరు అనుకున్నది కూడా రెండు గ్లాసులకే ఆ గీత దాటించొచ్చు. 21 ఏళ్లు నిండనివాళ్లకు తెలంగాణలో ఎలాగూ పొయ్యరు.

మధ్యాహ్నం మూడింటికి చేరుకోవడం కావాలనే. రాత్రి ఎనిమిది దాటాక ఆ వీధిలో పాటల హోరు తప్ప ఏమీ వినబడదు, బీరు గురించి అడగడానికి కాచేవాళ్లూ దొరకరు. పొద్దున మొదలుపెట్టిన బీరు కాపు మూడింటికి ఒక కొలిక్కి వస్తుంది కాబట్టి ఆ వేళకి వాళ్లు అక్కడే ఉంటారు. గోధుమ జావ వాసన తలుపు దగ్గరికే వచ్చి ఎదురైంది.

రేటు మాత్రం కడుపు మండించింది. 330 మిల్లీలీటర్ల గ్లాసు మూడు వందల పైచిలుకు, దాని మీద పన్ను. ఆ డబ్బుతో మా ఊళ్లో ఇద్దరు కడుపునిండా భోజనం చేసి లేస్తారు. బిల్లు చదివే వాళ్లకు ఒక మాట: మద్యం మీద ఉండేది రాష్ట్ర వ్యాట్, జీఎస్టీ తిండి మీదే. రెండూ కలిపి ఒకే వరసలో వేస్తే విడదీసి చూపించమనండి. సర్వీస్ చార్జీ తప్పనిసరి కాదు. 2022లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు అదే చెప్పాయి, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసెయ్యమన్నాను, తీసేశారు.

కొత్త గ్లాసు పట్టుకుని ఈసారి కుర్రాడు రాలేదు. అద్దాల గోడ వెనక నుంచి రబ్బరు బూట్లేసుకున్న ఒకాయన వచ్చాడు. కాచేది ఆయనే. “నిమ్మకాయ వద్దన్నది మీరేనా అన్నా? నేనూ అదే మొత్తుకుంట, ఎవ్వలినరు. జర ఆగి తాగుండ్రి, శానా సల్లగున్నది” అని ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. నల్గొండ దిక్కు మనిషి.

ఆయన ఆగమన్నది నిజం. ట్యాపు నుంచి దిగినప్పుడు రెండు మూడు డిగ్రీలు ఉంటుంది, ఆ చలికి నాలుక మొద్దుబారి గ్యాస్ తప్ప ఏమీ తెలియదు. ఆరేడు డిగ్రీలకు రావడానికి మన ఎండల్లో ఐదు నిమిషాలు చాలు. ఫ్రీజర్లో పెట్టి మంచు పట్టించిన గ్లాసులో పోస్తే అది కూడా వద్దనండి, మంచు కరిగి బీరు పలచనవుతుంది. ఈలోగా గ్లాసు చూడొచ్చు. లోపలి గోడకు బుడగలు ముత్యాల్లా అతుక్కుని ఉంటే ఆ గ్లాసుకు జిడ్డో సబ్బో పోలేదని లెక్క. నా గ్లాసుకు బుడగలు లేవు. ఎండుగడ్డి రంగు, గంజి కలిపినట్టు మసక, పైన రెండు వేళ్ల మందాన తెల్లటి నురగ. ఆ మసక పాడైనందువల్ల వచ్చింది కాదు. గోధుమలోని మాంసకృత్తులు, బీరును పులియబెట్టి అడుగుకు దిగని ఈస్టు కలిసి తెచ్చేది. వడకట్టి తేటగా చేస్తే ఆ మెత్తదనం పోతుంది.

మొదట ధనియాలు తెలిశాయి. కూరలో వేయించి కొట్టిన పొడి వాసన కాదు, పచ్చి ధనియా పంటి కింద పగిలినప్పుడు వచ్చే పూల వాసన. తరువాత నిమ్మగడ్డి. మింగాక గొంతు వెనక నుంచి కమలా తొక్క. చేదు దాదాపు లేదు. అంతా అయిపోయిందనుకున్నాక, గ్లాసు కాస్త వెచ్చబడిన కొద్దీ ఇంకో వాసన పైకి వచ్చింది. ఆకు వాసన. బోర్డు మీద లేనిది, నాకు బాగా తెలిసినది.

ఎండాకాలం చలివేంద్రాల్లో మజ్జిగ కుండ పైన తేలే దబ్బాకు. దానికి నిప్పు తగలనివ్వరు. ఈనె తీసి, రెండు చేతుల మధ్య నలిపి, కరివేపాకుతో పాటు చల్లటి మజ్జిగలో వదిలేస్తారు. గంటకు దిగుతుంది ఆ వాసన. పొద్దున వేసిన ఆకు సాయంత్రం దాకా ఉంచితే వెగటు పుడుతుంది కాబట్టి మధ్యాహ్నం తీసి పారేస్తారు. జూబ్లీహిల్స్‌లో, ఇంగ్లీషు పాట మోగుతున్న గదిలో ఆ కుండ గుర్తుకు రావడమే ఈ ప్రయాణం మొత్తానికీ నాకు దక్కిన ఆశ్చర్యం.

“దబ్బాకు వేశారా?” అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. “దబ్బాకు గాదన్నా, నిమ్మాకు. మా ఇంటి చెట్టుది. ప్రతి కాపుకు దొర్కది, అందుకే బోర్డు మీద రాయలే.”

లేచి లోపలికి తీసుకెళ్లి చూపించాడు. 500 లీటర్ల కాపు. 100 కిలోల గింజలో సగం బార్లీ మాల్టు, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, 40 కిలోలు మొలకెత్తించని మామూలు గోధుమ, 10 కిలోలు ఓట్స్. గోధుమకు పొట్టు ఉండదు. బార్లీ పొట్టే జల్లెడలా పనిచేసి ద్రావణం కిందికి దిగనిస్తుంది. గోధుమ వాటా పెరిగితే అంతా ముద్దకట్టి గొట్టం మూసుకుపోతుంది. దానికి మందు మన దగ్గరే ఉంది: కడిగి ఆరబెట్టిన వరి ఊక, 100 కిలోలకు ఐదు కిలోలు. తొందరపడి కుళాయి మొత్తం తిప్పితే ఊక వేసినా బిగుసుకుంటుంది, మొదటి పది నిమిషాలు సన్నధారే వదలాలి.

గింజ నానబెట్టే వేడి 50 డిగ్రీల దగ్గర పావుగంట, 66 దగ్గర గంట. ఆ తరువాత వడగట్టి గంటసేపు మరగకాచడం. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి నీళ్లు 98 డిగ్రీలకే మరుగుతాయి, దానివల్ల రుచికి వచ్చే తేడా ఏమీ లేదు. బీరుకు చేదునిచ్చే హాప్స్ పూలు నామమాత్రం.

అసలు కిటుకంతా ఏది ఎప్పుడు వెయ్యాలన్న దగ్గరే ఉంది. ధనియాలు లీటరుకు గ్రాము లెక్కన అరకిలో, మరగడం ఇంకో ఐదు నిమిషాల్లో ఆపుతారనగా. రోట్లో ఒక్కో గింజ రెండు మూడు ముక్కలయ్యేలా నలగ్గొట్టాలి. పొడి చేస్తే ఘాటు దిగుతుంది, వడగట్టినా అడుగున బురదలా మిగులుతుంది. మోతాదు రెట్టింపు చేస్తే సబ్బు వాసన. మన ధనియాలు కోలగా, లేత రంగులో ఉంటాయి, ఐరోపా వాళ్లవి చిన్నగా గుండ్రంగా ఉంటాయి. ఈ బీరుకు మనవే నప్పుతాయన్నాడాయన, తాగాక నాకూ అదే అనిపించింది.

కమలా తొక్క, నిమ్మగడ్డి మరుగులో వెయ్యరు. మంట ఆపి, 80 డిగ్రీలకు దిగాక గుడ్డసంచిలో కట్టి ముంచి, పది నిమిషాలకు తీసేస్తారు. మరుగుతున్నప్పుడు వేస్తే సువాసన నూనెలు ఆవిరితో పాటు గది నిండా పోతాయి, గ్లాసులోకి రావు. తొక్క అంటే పైనున్న నారింజ రంగు పొర మాత్రమే. కింది తెల్లపొర గోటంత పడినా మందుబిళ్ల చేదు వస్తుంది. నిమ్మగడ్డిలో కింది తెల్ల కాడే పనికొచ్చేది, చితక్కొట్టి 600 గ్రాములు. ఇంకో పిడికెడు ఎక్కువైతే నేల తుడిచే ఫినాయిల్ గుర్తొస్తుందట. నల్గొండ మనిషివి, బత్తాయి తొక్క ఎందుకు వెయ్యవని అడిగాను. చేసి చూశాడట. వాసన పలచన, తెల్లపొర మందం, పని ఎక్కువ ఫలం తక్కువ.

నిమ్మాకు వంతు అన్నిటికన్నా చివర. 20 డిగ్రీల దగ్గర ఐదారు రోజులు పులిసి, ట్యాంకు చల్లబరిచాక అప్పుడు. 150 గ్రాములు, ఈనె తీసి నలిపి, పావుగంట వోడ్కాలో ముంచి, సంచిలో కట్టి 24 గంటలు. పచ్చి ఆకు మీద ఉండే సూక్ష్మజీవులు ట్యాంకులోకి చేరితే వారంలో బీరు పుల్లబడుతుంది, వోడ్కా అందుకు. 48 గంటలు ఉంచిన ఒక కాపు కోసిన గడ్డిలా వగరెక్కి పారబోయాల్సి వచ్చిందట. వినగానే చలివేంద్రం కుండలోంచి మధ్యాహ్నం ఆకు తీసెయ్యడం గుర్తొచ్చింది.

నీళ్ల గురించి ఆయన చెప్పినంత పట్టుదలగా ఇంకేదీ చెప్పలేదు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. ఈ రకం ఈస్టు సహజంగా లవంగం వాసన పుట్టిస్తుంది. క్లోరిన్ దానితో కలిస్తే ఆసుపత్రి కట్టు వాసన వస్తుంది, ఇక ఏ ఆకు వేసినా దాన్ని కప్పలేం. బొగ్గు ఫిల్టరు మార్చడం ఒక్కసారి ఆలస్యమైతే చాలు. ఎప్పుడైనా మీ గోధుమ బీరులో ఆ కంపు తగిలితే మీ నాలుక తప్పు కాదు.

‘విట్’ అనే ఈ రకం గోధుమ బీరు పుట్టిల్లు బెల్జియంలోని హూగార్డెన్ అనే ఊరు. 1950లలో అక్కడి చివరి బట్టీ మూతపడింది. పక్కనే ఉంటూ పాలు పోసుకుని బతికే పియర్ సెలిస్ అనే ఆయన 1966లో మళ్లీ కాచడం మొదలుపెట్టాడు. వాళ్లు వాడేది ధనియాలు, క్యురసావో దీవి చేదు నారింజ తొక్క. జర్మనీ గోధుమ బీరు వేరే సంగతి. 1516 నాటి బీరు స్వచ్ఛత చట్టం సంప్రదాయంలో అందులో ఆకూ విత్తూ ఏదీ వెయ్యరు, అరటిపండు లవంగం వాసనలు రెండూ ఈస్టువే. హైదరాబాద్ మెనూల్లో రెంటినీ ‘వీట్ బీర్’ అనే రాస్తారు. ఆకుల వాసన కావాలనుకునేవాళ్లు ‘బెల్జియన్ విట్ ఉందా’ అని అడగాలి, లేకపోతే అరటిపండు వాసనది వస్తుంది.

తోడుగా చికెన్ 65 తెప్పించుకున్న పక్క బల్ల వాళ్లను చూస్తే బాధేసింది. గ్యాస్, ఆల్కహాల్ రెండూ కారాన్ని ఇంకా మండిస్తాయి, ఆ మంటలో నిమ్మాకు ఎక్కడ తెలుస్తుంది? ఉడకబెట్టిన పల్లీలు, పైన ఉల్లిపాయ ముక్కలు, ఉప్పు. అంతకంటే మంచి జోడీ నాకు దొరకలేదు.

ఆదివారం గచ్చిబౌలి వైపు ఇంకో రెండు చోట్ల తాగాను. ఒకచోట పుదీనా, పళ్లు తోముకున్నట్టే ఉంది. రెండోచోట ఆకులు కాదు, సీసాలోంచి సిరప్ పోశారు. నోరంతా జిగురు, నిమ్మ వాసన మాత్రం ఒకే మోతాదులో మొదటి గుక్క నుంచి ఆఖరి గుక్క దాకా. నిజం ఆకు అలా ఉండదు, గ్లాసు వెచ్చబడే కొద్దీ మారుతుంది. రెండూ సగంలో వదిలేశాను.

సాయంత్రం బస్సుకు ముందు మళ్లీ పెద్దమ్మ గుడి దగ్గర దిగాను. నన్ను చూడగానే కుర్రాడు నిమ్మచెక్క లేకుండానే పోశాడు. రెండో రోజుకు ఆకు వాసన ఒక మెట్టు తగ్గి, ధనియాలు ముందుకొచ్చాయి. ట్యాంకు తెరిచి ఎన్ని రోజులైందో అడిగి తాగాల్సిన బీరు ఇది.

వెళ్లొస్తానంటే ఆయన గుమ్మం దాకా వచ్చాడు.

“మీ దిక్కు దబ్బాకు దొర్కుతదా అన్నా?”

“పెరట్లో చెట్టే ఉంది. వచ్చేటప్పుడు తెస్తాను, ఎంత కావాలి?”

“పావుకిలో తెండ్రి. లేతాకు తేకుండ్రి, దాంట్ల నూనె ఉండది. ముదురాకు గావాలె. తడిగుడ్డల సుట్టుండ్రి, ప్లాస్టిక్ కవర్ల పెడితే బాటసింగారం వచ్చేటాళ్లకే ఉడికిపోతది.”