బందరు డచ్చి సమాధుల రాతలు చదవడం: నా అనుభవం

మచిలీపట్నంలోని యూరోపియన్ సమాధుల వివరాలు సేకరించాలని పూనుకున్నప్పుడు, కాగితాల జోలికి పోకముందు రాళ్లనే చూడాలని నిర్ణయించుకున్నాను. డచ్చి ఈస్టిండియా కంపెనీ పదిహేడో శతాబ్దపు తొలి ఏళ్లలోనే ఇక్కడ వర్తక స్థావరం ఏర్పరచుకుంది. ఆంగ్లేయులు 1611లో వచ్చారు. ఫ్రెంచివారు ఆ తరువాత చేరారు. వలందపాలెం (డచ్చివారిది), ఇంగ్లీషుపాలెం, పరాసుపేట (ఫ్రెంచివారిది) అన్న పేటలు ఇప్పటికీ ఉన్నందువల్ల ఎవరు ఎక్కడ మసలారో బందరువాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు.

డచ్చి సమాధుల ఆవరణ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. రాళ్లను తాకకుండా ఫొటోలు మాత్రమే తీసుకుంటానని అక్కడి కావలి మనిషికి చెప్పి, ముందుగా స్థలానికి చిత్తు పటం గీసి, ప్రతి రాతికీ ఒక నంబరు వేసుకున్నాను. ఇది విసుగు పుట్టించే పనే గాని, పటం లేకపోతే ఇంటికి వెళ్లాక ఏ ఫొటో ఏ రాతిదో తేల్చడం అసాధ్యం.

నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు అరిగిన అక్షరాలు కనబడవు. పొద్దున్నే గాని, సాయంత్రం గాని వెలుగు ఏటవాలుగా పడినప్పుడు, లేదా అద్దంతో ఎండను పక్కనుంచి మళ్లించినప్పుడు, అంతవరకు నున్నగా తోచిన చోట కూడా గీతలు తేలతాయి. అక్షరాలు స్పష్టంగా కనబడాలని సుద్ద రుద్దేవారిని, యాసిడ్‌తోనో ఇనుప బ్రష్‌తోనో రాయిని తోమేవారిని నేను సమర్థించలేను. అలా ఒక్కసారి చదివినందుకు రాతి పైపొర శాశ్వతంగా దెబ్బతినవచ్చు. నాకు డచ్చి భాష రాదు. అయినా పేరు, హోదా, పుట్టిన ఊరు, మరణించిన తేదీ, ఏళ్లు నెలలు రోజులతో సహా వయసు అన్న వరుస రాయి తరువాత రాయిలో కనబడుతుండడంతో, నాలుగు చదివేసరికి అయిదోది కొంత దానంతటదే విడిపడింది.

ఆ తరువాతే కాగితాలు తీశాను. మద్రాసు ప్రెసిడెన్సీలోని సమాధుల రాతలతో జూలియన్ జేమ్స్ కాటన్ కూర్చిన జాబితా 1905లో అచ్చయింది. నా ఫొటోలను దాని పక్కన పెట్టి పంక్తి పంక్తి పోల్చడమే ఈ పని మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది, ఎందుకంటే శిథిలమైన రాతిపై పోయిన మాటలు అచ్చులో మిగిలి ఉండవచ్చు. అయితే అది చారిత్రక ప్రాధాన్యం ఉన్నవాటిని ఏరి కూర్చిన జాబితా. అందులో లేనంత మాత్రాన సమాధి లేదని అనుకోరాదు.

తేదీల విషయంలో మరింత జాగ్రత్త అవసరమైంది. డచ్చి కంపెనీకి గుండెకాయ వంటి హాలండు 1583 నాటికే ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్ పంచాంగానికి మారింది. ఆంగ్లేయులు మాత్రం 1752 వరకు పాత జూలియన్ పంచాంగాన్నే పాటిస్తూ, కొత్త ఏడాదిని మార్చి 25 నుంచి లెక్కించేవారు. అందువల్ల పదిహేడో శతాబ్దంలో ఒకే ఊళ్లో, ఒకే రోజుకు డచ్చి, ఇంగ్లీషు కంపెనీల దస్తావేజుల్లో పది రోజుల తేడా వస్తుంది. జనవరి నుంచి మార్చి 24 వరకు సంవత్సరమే వేరుగా కనబడుతుంది. ఆంగ్లేయుల ఖనన రిజిస్టర్ల నకళ్లు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలోనూ, డచ్చి కంపెనీ కాగితాలు హేగ్‌లోని జాతీయ ఆర్కైవ్స్‌లోనూ ఉన్నాయి కనుక, వాటితో పోల్చేవారికి ఉపయోగపడేలా నా పట్టికలో రాతి మీది తేదీని ఉన్నదున్నట్టు ఒక గడిలోనూ, సవరించిన తేదీని వేరే గడిలోనూ రాసుకున్నాను.