రొయ్యకి లక్ష గుడ్లు, గూడబాతుకి మూడేనా?

మా నెల్లూరు, ప్రకాశం ఒడ్డు పొడుగునా రొయ్యల హేచరీలే (గుడ్ల నుంచి రొయ్య పిల్లల్ని తీసే చోట్లు) కదా, వనామీ అనే రకం రొయ్య తల్లి ఒక్కటి ఒక్కసారికే లక్ష పైన గుడ్లు నీళ్ళలోకి వదిలేసి ఇంక వాటి వంక కూడా చూడదు. అదే పాత నెల్లూరు జిల్లాలోని నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్తే గూడబాతు (పెలికాన్) మహా అయితే మూడు నాలుగు గుడ్లు పెట్టి, మగా ఆడా ఇద్దరూ పొదిగి, నెలల తరబడి చేపలు తెచ్చి నోట్లో పెడతాయి.

ఇంత తేడా ఎందుకంటే, ఒంట్లో ఉన్న శక్తి ఎంతో అంతే, దాన్ని పంచుకోవాలి. సముద్రంలో కంటికి కనపడనంత పిల్లని ప్రతిదీ తినేస్తది, తల్లి కాపాడలేదు, అందుకే సంఖ్య మీదే ఖర్చు పెట్టిన రొయ్యల వంశం నిలబడింది. పక్షుల గురించి డేవిడ్ లాక్ అనే పక్షి శాస్త్రవేత్త 1947లో చెప్పింది నాకు భలే నచ్చుతుంది: ఎన్ని పిల్లల్ని మేపి బతికించగలవో అన్ని గుడ్లు పెట్టేవాటి సంతానమే తరాల మీద ఎక్కువ మిగులుతుందంట. ఎక్కువ పెడితే తిండి చాలక అన్నీ బక్కచిక్కిపోతాయి.

ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేలు ఈ రెండిటికీ మధ్యరకం అనిపిస్తది నాకు. చలికాలం రాత్రుల్లో మన ఒడ్డుకొచ్చి గొయ్యి తవ్వి వంద దాకా గుడ్లు పెట్టి పూడ్చి వెళ్ళిపోద్ది, అది పడే కష్టమంతా చోటు వెతకడంలోనే. ఇసక వేడెక్కువైతే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు. పిల్లలు వెలుతురు వైపే పాకుతాయి కాబట్టి ఒడ్డున లైట్లుంటే దారి తప్పి చచ్చిపోతాయి, తాబేళ్ళు గుడ్లు పెట్టే, పిల్లలు బయటికొచ్చే నెలల్లో బీచ్ పక్కన ఉండేవాళ్ళు లైట్లు ఆపండి ప్లీజ్.