చెదల ఇంట్లో చివరి బంతి

మా ఆయన అన్న మాట ఇంకా చెవిలోంచి పోలేదు, అందుకే ఈ వేళప్పుడు టైపు చేస్తున్నాను. అత్తయ్య ఈ రాత్రీ అందరి తర్వాతే కూర్చున్నారు, కూర గిన్నె ఖాళీ అయ్యాక. నేను మొహం ముడుచుకుంటే, "చెదల్లో కూడా పెద్దవే ఆఖర్న తింటాయని పొద్దున నువ్వే చెప్పావుగా!" అని ఈయన నవ్వు. పెద్ద జోకు!

చెప్పానండీ, కానీ సగం విని ఫోన్లోకి దూరిపోయారు. మన పొలాల్లో పుట్టలు కట్టే ఒడాంటోటెర్మెస్ చెదల సంగతి అది. వయసు మళ్ళిన కూలీలు బయట తిరిగి గడ్డీ కర్రా తెస్తాయి. కుర్ర కూలీలు దాన్ని, పుట్టలో పెంచుకునే శిలీంధ్రం మీద మొలిచే తెల్లటి బుడిపెలతో కలిపి మింగుతాయి. అది సరిగ్గా అరక్కుండానే, శిలీంధ్ర బీజాలతో సహా బయటికొచ్చేస్తుంది. ఆ పెంటనే స్పంజులాంటి దిమ్మ మీద కొత్త పొరగా పేరుస్తాయి. టెర్మిటోమైసిస్ అనే ఆ శిలీంధ్రం కొన్ని వారాలు పనిచేసి, కర్రలోని గట్టి పీచుని విరగ్గొడుతుంది. అలా పాతబడిన అడుగు భాగం పెద్దవాటి తిండి. రాజు, రాణి, పిల్లలు సరే, సైనికులకి కూడా నోట్లో పెట్టాల్సిందే, సొంతంగా తినలేవు. (మా ఇంట్లోనూ ఒకరున్నారు.)

చదవగానే నాకూ ఒళ్ళు మండింది. తెచ్చేదీ ముసలివే, మిగిలింది తినేదీ ముసలివేనా అని. కాసేపటికి అర్థమైంది, అక్కడ చివరి బంతికి దక్కేదే బాగా అరిగే భోజనం. 3 కోట్ల ఏళ్ళ ఏర్పాటు. అత్తయ్యకి దక్కేది నీళ్ళచారూ మాడు అన్నమూ. రెండూ ఒకటెలా అవుతాయి?

ఇదే ఆవిడతో అంటే, "మీరంతా లేచాక సీరియల్ చూస్తూ తింటానే, ఆ అరగంటే నాది" అన్నారు. మరి ఇన్నాళ్ళూ నేను ఎవరి తరఫున పోట్లాడుతున్నట్టు? అయినా కూర మిగల్చకపోవడం తప్పే.

అమ్మమ్మ అలా కాదు. వానలు పడ్డాక తెల్లారకముందే నన్ను లేపి, చేనిగట్టు పుట్ట దగ్గరికి తీసుకెళ్ళేది. పుట్టలోపల ఆ శిలీంధ్రమే పైకొచ్చి పుట్టగొడుగులవుతుందని అప్పుడు తెలీదు. మొదలు విరక్కుండా మెల్లగా లాగి, చీరకొంగులో పోసేది. ఉల్లిపాయా ఎండుమిర్చీ వేసి వండితే వీధంతా వాసన. దించగానే గిన్నెడు తనకి తీసి ఉట్టి మీద పెట్టేసేది. తాతయ్య ఇంకాస్త వెయ్యమంటే, "పుట్ట దగ్గరికి రమ్మంటే నిద్రపోయారుగా, చారు పోసుకోండి" అనేది.