చుక్క అంచు దాకా వచ్చిందా?

నవంబరులో ఒక రాత్రి షిఫ్టులో ముప్పై పెట్టెల మీద తప్పు లేబుళ్లు అంటించాను. స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో మాస్టర్స్ చదువుతూ, వారానికి 20 గంటలు చేపల ఫ్యాక్టరీలో పని చేస్తున్న రోజులవి. పనిలో చేర్చుకునేటప్పుడు "చేపలు తెలుసా?" అని అడిగితే నవ్వొచ్చింది. భీమిలి దగ్గర పుట్టి, అమ్మ చేపల గంప పక్కన కూర్చుని ఎక్కాలు చదువుకున్నదాన్ని. పళ్లెంలా చదునుగా ఉండి పొడుగు తోకుండే టేకు చేప, ఇంగ్లీషులో రే అనో స్కేట్ అనో అనేది, నాకు తెలియకపోవడమా?

ఇక్కడ బెల్టు మీదకి ఎక్కువగా వచ్చేవి టేకు రెక్కలే. పడవ మీదే కోసేసి తోలుతో సహా పంపుతారు. కొన్ని పెట్టెలకి ఆర్‌జేహెచ్ అని కోడ్, కొన్నిటికి ఆర్‌జేఎమ్. మొదటిది బ్లాండ్ రే, రెండోది స్పాటెడ్ రే. రెండూ లేత గోధుమరంగే, రెండింటి మీదా నల్ల చుక్కలే. బ్లాండ్ రే బాగా పెద్దదవుతుందని ఎవరో అనగా విని, పెద్ద రెక్కలన్నీ ఒకవైపు, చిన్నవన్నీ ఇంకోవైపు వేసుకుంటూ పోయాను. పెద్దదయ్యేది కూడా ఒకప్పుడు చిన్నదేనన్న ఆలోచన రాలేదు.

మా సూపర్‌వైజర్ లిథువేనియా ఆవిడ. తిట్టలేదు. ఒక రెక్క తీసి లైటు కింద పరిచి, తడి గ్లవ్ వేలితో అంచు వెంట మెల్లగా గీసింది. చుక్కలు అంచు చివరి దాకా ఉంటే బ్లాండ్. అంచుకి కాస్త ఇవతలే ఆగిపోతే స్పాటెడ్. "సైజు చూడకు, అంచు చూడు" అంది. ముప్పై పెట్టెలూ విప్పి మళ్లీ వేరు చేయడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలకి జీతం రాలేదు. ఆ సంగతి ఆవిడ చేతిలో లేదట.

ఈ జాతి చేపల దగ్గర పొరబడినవాళ్లలో నేనేమీ మొదటిదాన్ని కాదని తర్వాత తెలిసింది. జీవులకి శాస్త్రీయనామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లినేయస్ అంతటివాడు 1758లో వీటిని అసలు చేపల్లోనే కలపలేదు, కప్పలూ పాములూ ఉన్న వర్గంలో పెట్టాడు. అంత దూరం ఎందుకు, ఈ ఊళ్లోనే పుట్టిన ఆర్.ఎస్. క్లార్క్ ఉన్నాడు. ధ్రువయాత్రికుడు షాకిల్టన్‌తో ఎండ్యూరెన్స్ ఓడలో అంటార్కిటికా వెళ్లొచ్చిన జీవశాస్త్రవేత్త, తర్వాత ఇక్కడి టోరీ చేపల పరిశోధనశాలకి డైరెక్టరయ్యాడు. యూరప్ టేకులన్నిటినీ సరిచూస్తూ 1926లో ఆయన రాసిన పుస్తకంలో రెండు వేర్వేరు జాతులు కామన్ స్కేట్ అనే ఒక్క పేరు కిందకి వెళ్లిపోయాయి. ఒకటి రెండు మీటర్లు దాటి పెరిగే ఫ్లాపర్ స్కేట్, ఇంకోటి చిన్నదైన బ్లూ స్కేట్. కళ్లు చూసినా తేడా తెలుస్తుంది, పెద్దదానికి ముదురు ఆకుపచ్చ, చిన్నదానికి లేత పసుపు. అవి రెండని ఫ్రెంచి శాస్త్రవేత్తలు తేల్చేసరికి 2010 వచ్చింది. ఫ్లాపర్ ఆడది గుడ్లు పెట్టే ఈడుకి రావడానికే ఇరవై ఏళ్ల దాకా పడుతుంది. లెక్కలన్నీ ఒకే పేరు మీద నడుస్తుంటే, వలల్లోంచి తరిగిపోతున్నది ఏదో ఎవరికి తెలుస్తుంది? ఇప్పుడు రెండింటినీ రేవుకి తేవడమే నిషేధం. పేరులో మాత్రం ఇంకా 'కామన్' ఉంది. నావి ముప్పై పెట్టెలే కదా అని కొంచెం ధైర్యం వచ్చింది.

స్కేట్ వేరు, రే వేరు అని నాకు నేర్పింది మాత్రం అమ్మే. బీచిలో నల్లటి తోలు సంచి ఒకటి దొరికింది. అరచేతంత ఉంటుంది, నాలుగు మూలలా నాలుగు కొమ్ములు. వీడియో కాల్‌లో చూపించి, ఇది టేకు గుడ్డు అన్నాను.

"టేకు గుడ్డెట్టడవేఁటే? కోస్తే కడుపులో పిల్లలుంటాయి. నువ్వు చూళ్లేదేటి?"

చూశాను. నిజమే. మన తీరాన అమ్మ కోసేవి తోకలో విషపు ముల్లుండే రేలు, పిల్లల్ని కంటాయి. వాటిది మైలియోబాటిఫార్మిస్ అనే క్రమం. ఇక్కడి స్కేట్లు గుడ్లు పెడతాయి, తోకలో విషం ఉండదు. వీటిది రాజిఫార్మిస్. నేను మొదటిరోజు థార్న్‌బ్యాక్ తోక చూసి చేయి వెనక్కి లాక్కుంటే అందరూ ఎందుకు నవ్వారో అప్పుడర్థమైంది. దాని ఒంటి మీద బొత్తాల్లాంటి ముళ్లుంటాయి, గ్లవ్ చిరుగుతుంది, అంతే. బ్లాండ్ రే, స్పాటెడ్ రే కూడా పేరుకే రేలు, వరసకి స్కేట్లే.

ఈ పేర్ల పిచ్చిలోనే ఒక రాత్రి ఫోన్‌లో మొబ్యులా ఎరెగూడూటెంకీ అనే పేరు కనబడింది. తల ముందు రెండు కొమ్ముల్లాంటి రెక్కలుండే డెవిల్ రే. చివరి ముక్క చదివి మంచం మీద లేచి కూర్చున్నాను. మా అమ్మమ్మ టేకుని టెంకి అనేది.

వెనక్కి తవ్వితే పాట్రిక్ రసెల్ దగ్గర తేలింది. ఎడిన్‌బరో డాక్టరు, ఈస్టిండియా కంపెనీ కొలువులో మన విశాఖపట్నంలో ఉన్నాడు. రక్తపింజరకి ఇంగ్లీషు పేరు ఈయన పేరే. విశాఖలో సేకరించిన 200 చేపల బొమ్మలతో 1803లో పుస్తకం వేశాడు. చాలావాటికి తెలుగు పేర్లే, తన చెవికి ఎలా వినిపిస్తే అలా. స్కాట్లాండ్ నుంచి పనికని వచ్చి మా రేవులో పేర్లు రాసుకున్నాడు, నేను ఆయన దేశానికి పనికని వచ్చి లేబుళ్లు అంటిస్తున్నాను. బ్లీకర్ అనే శాస్త్రవేత్త 1859లో ఎరెగూడూటెంకీని శాస్త్రీయనామం చేశాడు. 2017లో అది వేరే జాతి కాదని తీసేశారు. 2020లో వేరే జాతేనని మళ్లీ నిలబెట్టారు. కానీ అంతకంటే ముందు, 1849లో కాంటర్ అనే ఇంకో శాస్త్రవేత్త పెట్టిన పేరే చెల్లుతుందని 'ఎరెగూడూ' మాత్రం ఉంచారు. నాకు అర్థమైన టెంకి కాస్తా పోయింది.

అమ్మకి ఫోన్ చేసి ఎరెగూడూ అంటే ఏంటని అడిగాను. నోట్లో నాలుగుసార్లు తిప్పింది. ఎర్రగూడా? ఏరుగుడ్డా? ఏదీ అతకలేదు.

"ఆ దొరకి సరిగ్గా ఇనపడ్నేదేమోనే," అంది.